కథలో గ్రహానికి డోర్ నంబరేదీ?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో గ్రహాంతర కథలు బాగానే వస్తున్నాయి. సంతోషమే. కానీ ఆ గ్రహాలకు పేరుంటుంది, ఊరుండదు. "కోటి కాంతి సంవత్సరాల అవతల ఓ లోకం" అని ఒకరు, "కృత్తికల దాపున" అని ఒకరు, "ధ్రువతార చుట్టూ తిరిగే గ్రహం" అని ఇంకొకరు రాసి సరిపెట్టేస్తున్నారు. కోటి కాంతి సంవత్సరాలంటే మన పాలపుంత దాటి, పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీ కూడా దాటి పోవాలి. ఆండ్రోమెడా దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలే. అంత దూరం పోయిన హీరో రాత్రి భోజనాల వేళకు ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడతాడు! అమలాపురం నుంచి ఆదిలాబాద్‌కు బస్సు ఎన్ని గంటలు పడుతుందో ఇద్దరిని అడిగి మరీ రాసే రచయితలు, ఆకాశం దగ్గరకు వచ్చేసరికి లెక్క వదిలేస్తున్నారు.

కల్పిత గ్రహాన్ని నిజమైన నక్షత్రం దగ్గర కూర్చోబెట్టి, దాని కక్ష్య, పగలు, చంద్రుళ్లు, అక్కడి ఆకాశం అన్నీ ఇంట్లోని మామూలు కంప్యూటరులో చూసుకోవచ్చు. కావలసిన సాఫ్ట్‌వేర్లు ఉచితం. రెండు ఆదివారాల పని. కథకు సంకెళ్లు వేయమని కాదు. లెక్క వేస్తుంటే కథకు కావలసిన మలుపులు ఆ లెక్కలోనే దొరుకుతాయి. అదెలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

ముందు నక్షత్రం ఎంపిక. పేర్లు పరిచయమైనవి కాబట్టి మనవాళ్ల చెయ్యి 27 నక్షత్రాల మీదికే పోతుంది. తంటా అక్కడే వస్తుంది. కృత్తికల వయసు సుమారు 10 కోట్ల సంవత్సరాలే, అక్కడ నాగరికత పుట్టేంత వ్యవధి లేదు. రోహిణి, స్వాతి ఉబ్బిపోయిన దైత్య నక్షత్రాలు, దగ్గరి గ్రహాలు ఏనాడో మాడిపోయి ఉంటాయి. జ్యేష్ఠను తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే కుజుడి కక్ష్యను మించి వస్తుంది. చిత్త ఒకటి కాదు, నాలుగు రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టుకునే రెండు వేడి నక్షత్రాలు. ధ్రువతార కొద్దికొద్దిగా ఉబ్బుతూ తగ్గుతూ ఉండే మహాదైత్యం. పెద్దలు కంటికి కొట్టొచ్చినట్టు కనబడేవాటికి పేర్లు పెట్టారు. అలా కనబడేవి ఎక్కువగా భారీవో, ముసలివో అయి ఉంటాయి. కాపురానికి పనికొచ్చేవి మసకగా, పేరూ ఊరూ లేకుండా ఉంటాయి.

వెతకవలసింది సూర్యుడి లాంటి జి తరగతి, లేదా కాస్త చల్లనైన కె తరగతి మొదట్లో ఉన్న నక్షత్రం. జంట లేనిదైతే మేలు. దూరం 50 కాంతి సంవత్సరాల లోపు ఉంటే కొలతలు గట్టిగా దొరుకుతాయి. మన ఉదాహరణకు టౌ సెటిని తీసుకుందాం. తిమింగలం రాశిలో ఉంటుంది. హిప్పార్కస్ అనే ఉపగ్రహం కొలతలతో చేసిన నక్షత్రాల జాబితాలో దాని నంబరు 8102. తరగతి జి8. బరువు సూర్యుడిలో 0.78 వంతు, వెలుగు దాదాపు 0.49 వంతు, వ్యాసం 0.79 వంతు. భూమి కక్ష్యలో జరిగేకొద్దీ నక్షత్రం పక్కకు జరిగినట్టు కనబడే కోణాన్ని పారలాక్స్ అంటారు. హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన పారలాక్స్ సుమారు 274 మిల్లీ ఆర్క్‌సెకన్లు. 1000ని 274తో భాగిస్తే 3.65 పార్సెక్కులు, దాన్ని 3.26తో హెచ్చిస్తే 11.9 కాంతి సంవత్సరాలు. ఈ అంకెలన్నీ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్ కేంద్రం నడిపే సింబాద్ డేటాబేసులో, అది చూపించే పరిశోధన పత్రాల్లో దొరుకుతాయి. ఇక ఫోను సంగతి. ఇక్కడినుంచి "బాగున్నావా" అంటే "బాగున్నాను" అని తిరిగి వినబడటానికి 23 ఏళ్ల 9 నెలలు పడుతుంది. ఆ ఒక్క అంకెలోనే ఒక కథ ఉంది.

దాన్ని మన ఆకాశంలో చూడటానికి స్టెలేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఎఫ్6 నొక్కి మీ ఊరు పెట్టండి, ఎఫ్5తో తేదీ, సమయం మార్చండి, ఎఫ్3తో వెతుకులాట పెట్టె తెరిచి హిప్పార్కస్ సంక్షిప్త నామం HIP అని మూడక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి 8102 రాయండి. నేల అడ్డొస్తే జి కీ, పగటి వెలుగు అడ్డొస్తే ఎ కీ నొక్కితే అవి తొలగిపోతాయి. డిసెంబరు మొదటి వారంలో రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాదు నుంచి అది సరిగ్గా దక్షిణాన, 57 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. తిరుపతిలో ఇంకో నాలుగు డిగ్రీలు పైకి. కంటితో వెతకాలంటే అశ్విని నుంచి సూటిగా దక్షిణానికి, చాచిన చేతి పిడికిళ్లు నాలుగుకు కాస్త తక్కువ కొలవండి. ప్రకాశం 3.5 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) కాబట్టి పట్నం దీపాల్లో కష్టం, పల్లెలో డాబా మీదనుంచి తేలిక. పాఠకుడు తన కళ్లతో చూడగల చుక్క దగ్గర కథ జరుగుతోందంటే ఆ కథ బరువే వేరు.

స్టెలేరియం భూమ్మీద నిలబడి ఆకాశం చూసేవాళ్ల కోసం చేసింది. ఆ నక్షత్రం దాకా వెళ్లి, అక్కడ గ్రహాన్ని పెట్టి, వెనక్కి తిరిగి మన సూర్యుణ్ణి చూడాలంటే సెలెస్టియా అనే సాఫ్ట్‌వేర్ కావాలి. అందులో హిప్పార్కస్ జాబితాలోని లక్షకు పైగా నక్షత్రాలు వాటి వాటి దూరాల్లో మూడు కొలతల్లో అమర్చి ఉంటాయి. మన గ్రహాన్ని చేర్చడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసిన చిన్న ఫైలు చాలు.

ఫైలు రాసేముందు కాగితం మీద రెండు లెక్కలు. గ్రహం పేరు నాగావళి అనుకుందాం. భూమికి అందినంత వేడి అందాలంటే నక్షత్రం వెలుగుకు వర్గమూలం తీయాలి. 0.49కి వర్గమూలం 0.70. అంటే భూమి-సూర్యుల దూరంలో 0.70 వంతు. ఆ దూరాన్నే ఖగోళ యూనిట్ అంటారు. ఇక సంవత్సరం పొడుగు. దూరాన్ని మూడుసార్లు హెచ్చించి, నక్షత్రం బరువుతో భాగించి, వర్గమూలం తీయాలి. 0.70 ఘనం 0.343. దాన్ని 0.78తో భాగిస్తే 0.44, వర్గమూలం 0.663. అంటే 242 రోజులు. ఇదే కెప్లర్ మూడో సూత్రం, ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉన్నదే.

ఇక్కడ ఆగి చుట్టుపక్కల ఎవరున్నారో విచారించాలి. టౌ సెటి చుట్టూ గ్రహాలు ఉండవచ్చని 2012లో ఒక బృందం, 2017లో ఇంకో లెక్కతో మరో బృందం ప్రకటించాయి. 2017 జాబితాలో నాలుగు ఉన్నాయి. వాటి సంవత్సరాలు సుమారు 20, 49, 163, 636 రోజులు. అవి నిజంగా ఉన్నాయా అన్న సందేహం ఇంకా తీరలేదు. కథకుడు ఉన్నాయనుకోవచ్చు, లేవనుకోవచ్చు. ఉన్నాయనుకుంటే మాత్రం చిక్కుంది. 242ని 163తో భాగించండి, 1.49 వస్తుంది. 3:2 నిష్పత్తికి బొత్తిగా దగ్గర. పక్కింటాయన మూడు చుట్లు తిరిగేలోగా మనం రెండు తిరుగుతాం, ప్రతిసారీ దాదాపు అదే చోట ఒకరి పక్కగా ఒకరం వస్తాం. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తూ పోతే ఎత్తు పెరిగినట్టు, ఆ లాగుళ్లు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. అలాంటి బంధం కొన్నిసార్లు గ్రహాన్ని కాపాడుతుంది, కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. రెంటిలో ఏదో పరీక్ష చెయ్యకుండా తెలియదు.

తేలికైన ఉపాయం ఇల్లు మార్చడం. నాగావళిని 0.74కి జరిపితే సంవత్సరం 263 రోజులవుతుంది, నిష్పత్తి 1.62కి పోతుంది. అందే వేడి భూమికి అందేదానిలో 90 శాతానికి కాస్త తక్కువ. గాలి కప్పే వెచ్చదనం తీసేసి లెక్కిస్తే భూమి సగటు మైనస్ 18 డిగ్రీలు, నాగావళిది మైనస్ 25. ఆ ఏడు డిగ్రీల లోటు పూడ్చాలంటే అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండాలి. అప్పుడు మన మనిషి అక్కడ మాస్కు లేకుండా తిరగవచ్చా అన్నది కథకుడు తేల్చుకోవాలి.

ఇప్పుడు ఫైలు. మొదటి వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య గ్రహం పేరు, తర్వాత మరో జత కొటేషన్లలో నక్షత్రం పేరు, ఆపైన మీసాల బ్రాకెట్ తెరిచి, లోపల రేడియస్ 6400, ఎలిప్టికల్ ఆర్బిట్ అనే మరో బ్రాకెట్ల జతలో పీరియడ్ (చుట్టు కాలం, సంవత్సరాల్లో) 0.721, సెమీ మేజర్ యాక్సిస్ (సగటు దూరం) 0.74, ఎక్సెంట్రిసిటీ (కక్ష్య ఎంత కోలగా ఉందో) 0.02, ఇంక్లినేషన్ (కక్ష్య వంపు) 0 అని రాసి, తెరిచిన బ్రాకెట్లన్నీ మూయాలి. ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే, పెద్ద చిన్న అక్షరాలు సహాయ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. నక్షత్రం పేరు రాసేచోట చాలామంది బోర్లా పడతారు. మనం పలికే పూర్తి పేరు కాక, రాశికి మూడక్షరాల సంక్షిప్తం వాడుతుంది సెలెస్టియా. హిప్పార్కస్ నంబరు రాస్తే ఆ బెడద లేదు. గ్రహం పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం క్షేమం. దాన్ని ఎస్‌ఎస్‌సి పొడిగింపుతో భద్రపరిచి, సెలెస్టియా ఫోల్డరులోని ఎక్స్‌ట్రాస్ అనే ఉప ఫోల్డరులో వేసి, ప్రోగ్రామును మూసి మళ్లీ తెరవాలి. ఎంటర్ నొక్కి, గ్రహం పేరు కొట్టి, మళ్లీ ఎంటర్, తర్వాత జి. సరిగ్గా రాస్తే 11.9 కాంతి సంవత్సరాలు కొన్ని సెకన్లలో దాటి నాగావళి ముందు నిలబడతారు.

గ్రహం కనబడకపోతే కారణాలు ఎక్కువగా నాలుగే. నోట్‌ప్యాడ్ మీకు చెప్పకుండా చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. ఫైల్ పొడిగింపులు చూపించే ఎంపిక వేసుకుంటే బయటపడుతుంది. రెండోది, వర్డ్‌లో రాసి అతికించడం. వర్డ్ మామూలు కొటేషన్ గుర్తులను వంపు తిరిగిన అందమైన గుర్తులుగా మార్చేస్తుంది, సెలెస్టియాకు అవి అర్థం కావు. మూడోది, మూయని బ్రాకెట్. ఆ తప్పు తర్వాత రాసినదంతా వృథా. నాలుగోది, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో రాయడానికి విండోస్ అనుమతి ఇవ్వకపోవడం. తప్పు ఎక్కడుందో సెలెస్టియా తనే రాసి పెడుతుంది. షిఫ్ట్ పట్టుకుని, కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమపక్కన ఉండే టిల్డే కీ నొక్కితే ఆ చిట్టా తెరమీదికొస్తుంది. చాలామంది ఆ కీ సంగతి తెలియక గంటలు పోగొట్టుకుంటారు.

గ్రహం తెల్లగా సున్నం కొట్టినట్టు కనబడితే ఉపరితల చిత్రం దొరకలేదన్నమాట. ఆ చిత్రం వెడల్పు ఎత్తుకు రెండింతలుండాలి, 2048కి 1024 లేదా 4096కి 2048. టెక్స్చర్స్ ఫోల్డరులోని మెడ్‌రెస్‌లో వేయాలి.

ఇక చంద్రుళ్లు. కథకులందరికీ రెండు చంద్రుళ్లంటే ముచ్చట. ముందు ఎంత దూరం దాకా చంద్రుణ్ణి ఉంచుకోగలదో చూడాలి. గ్రహం బరువును నక్షత్రం బరువుకు మూడింతలతో భాగించి, ఘనమూలం తీసి, గ్రహం దూరంతో హెచ్చిస్తే హిల్ వ్యాసార్ధం వస్తుంది. నాగావళికి భూమి బరువే ఇస్తే అది 12 లక్షల కిలోమీటర్లు. అందులో సగం దాటిన చంద్రుడు ఎక్కువకాలం నిలవడు, మూడోవంతులోపు ఉంటే నిశ్చింత. వంశధార అనే చంద్రుణ్ణి 2 లక్షల కిలోమీటర్ల దగ్గర పెడితే చుట్టు 10.3 రోజులు. శబరిని 4 లక్షల దగ్గర పెడితే 29 రోజులు.

సెలెస్టియాలో అందరూ చేసే తప్పు ఇక్కడే. నక్షత్రం చుట్టూ తిరిగేవాటికి దూరం ఖగోళ యూనిట్లలో, కాలం సంవత్సరాల్లో రాయాలి. గ్రహం చుట్టూ తిరిగేవాటికి దూరం కిలోమీటర్లలో, కాలం రోజుల్లో. అలవాటు చొప్పున వంశధారకు 0.00134 ఖగోళ యూనిట్లని రాశారనుకోండి, సెలెస్టియా దాన్ని 0.00134 కిలోమీటర్లుగా చదువుతుంది. అంటే గ్రహం నడిబొడ్డు నుంచి 1.34 మీటర్లు. చంద్రుడు గ్రహం కడుపులో ఉంటాడు, మీరు ఆకాశమంతా వెతుకుతుంటారు. కాలాన్ని సంవత్సరాల్లో 0.0282 అని రాస్తే చంద్రుడు 41 నిమిషాలకో చుట్టు చొప్పున గానుగెద్దులా తిరుగుతాడు. తప్పని సెలెస్టియా ఒక్క మాట అనదు. దానికి గురుత్వాకర్షణ తెలియదు. మీరిచ్చిన దీర్ఘవృత్తం మీద మీరిచ్చిన కాలంలో బొమ్మను తిప్పడమే దాని పని. దూరానికి, కాలానికి పొంతన కుదర్చడం మన బాధ్యత.

చంద్రుళ్ల గురించి ఇంకో ముచ్చట. మన చంద్రుడి బరువే ఉన్న వంశధార 2 లక్షల కిలోమీటర్ల దగ్గరుంటే ఆటుపోట్లకు కారణమైన లాగుడు ఏడింతలు. బందరు రేవుకు ఇప్పుడొచ్చే పోటు ఏడింతలైతే ఊరెక్కడుంటుందో ఊహించండి. అదే వంశధార వ్యాసార్ధాన్ని మన చంద్రుడిలో సగం, 870 కిలోమీటర్లు చేస్తే, బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, పోటు మన పోటంతే ఉంటుంది. ఆకాశంలో కనబడే సైజు కూడా మన చంద్రుడంతే. ఒకే రకం రాయితో చేసిన చంద్రుళ్లు కంటికి ఒకే సైజులో కనబడితే, దగ్గరున్నా దూరమున్నా తెచ్చే పోటు ఒకటే. కాబట్టి "ఆకాశంలో సగం నిండిన చంద్రుడు" అని రాసేవాళ్లు ఆ వాక్యం కిందే సముద్రాన్ని కూడా కాచుకోవాలి.

పగలు రాత్రి విషయంలో సూక్ష్మం ఒకటుంది. నాగావళిలో మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి 28 గంటలు కావాలనుకుందాం. రొటేషన్ పీరియడ్ దగ్గర 28 అని రాస్తే అంత రాదు. సెలెస్టియా అడిగేది నక్షత్రాల లెక్కన ఒక చుట్టు, మన భూమికి 23 గంటల 56 నిమిషాలున్నట్టు. 263.3 రోజులు అంటే 6319 గంటలు. 28తో భాగిస్తే ఏడాదికి 225.7 పగళ్లు. చుట్లు దానికంటే ఒకటి ఎక్కువ, 226.7. 6319ని 226.7తో భాగిస్తే 27.88. ఆ అంకె రాయాలి. 28 అని రాసి వదిలేస్తే మధ్యాహ్నం రోజుకు ఏడు నిమిషాలకు పైగా వెనక్కి జరుగుతూ, నాలుగు నెలలు గడిచేసరికి గడియారం మధ్యాహ్నమన్నప్పుడు అర్ధరాత్రి అవుతుంది. పండుగల పట్టిక, పంచాంగం లాంటివి కథలో పెట్టేవాళ్లకు ఇది తప్పదు.

వంపుల దగ్గర కూడా జాగ్రత్త. పరిశోధన పత్రాల్లో కక్ష్య వంపు మన చూపు రేఖకు అడ్డంగా ఉండే తలం నుంచి కొలుస్తారు. సెలెస్టియా మన భూమి కక్ష్య తలం నుంచి కొలుస్తుంది. పత్రంలో 35 అని ఉంటే ఇక్కడ 35 అని రాయడం, గజాల్లో చెప్పిన స్థలాన్ని సెంట్లని దస్తావేజు రాయడం లాంటిది. అక్షం వంపును కూడా అదే తలం నుంచి తీసుకుంటుంది కాబట్టి, కక్ష్యకు 40, అక్షానికి 23 ఇచ్చి మన ఋతువులే వస్తాయనుకుంటే రావు. మొదటిసారికి కక్ష్య వంపు 0 ఉంచడమే సుఖం.

ఇంత కష్టమూ అక్కడి ఆకాశం కోసం. గ్రహాన్ని ఎంచుకుని కంట్రోల్‌తో జి నొక్కితే నేలమీద దిగుతారు. హెచ్ నొక్కితే మన సూర్యుడు ఎంపికవుతాడు, సి నొక్కితే తెర మధ్యకు వస్తాడు. గ్రహం అడ్డుంటే ఎల్ కీతో కాలాన్ని వేగంగా తోయండి, కె నొక్కితే నెమ్మదిస్తుంది. / కీ రాశుల గీతలు వేస్తుంది. అప్పుడు చూడండి, మన సూర్యుడు 2.6 మాగ్నిట్యూడ్ చుక్క. మామూలుగా, పసుపు తెలుపుగా, స్వాతి నక్షత్రానికి ఆరు డిగ్రీల దూరంలో. ఎందుకంటే టౌ సెటి మనకు ఏ దిక్కున ఉందో, దానికి మనం సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాం. ఆ దిక్కున ఉన్నది భూతేశ రాశి, స్వాతి ఉండే చోటు. స్వాతి అక్కడినుంచి ఇంకాస్త దూరం కాబట్టి సున్నా దగ్గరున్న ప్రకాశం 0.5కి తగ్గుతుంది. నాగావళిలో పుట్టిన పిల్లకు అమ్మమ్మ సూర్యుణ్ణి చూపించాలంటే "స్వాతిని పట్టుకుని పక్కకు మూడు వేళ్లు జరుగు" అని చెప్పవచ్చు. చాచిన చేతి మూడు నడిమి వేళ్ల వెడల్పు సుమారు ఐదు డిగ్రీలు, సరిపోతుంది.

సిరియస్ మైనస్ 1.46 నుంచి మైనస్ 0.7కి దిగుతుంది. మనకు దగ్గరి చుట్టమైన ఆల్ఫా సెంటారి 13.5 కాంతి సంవత్సరాల దూరమై దాదాపు 2 మాగ్నిట్యూడ్ చుక్కలా మిగులుతుంది. కానీ మృగశిర, ఆర్ద్ర ఉన్న వేటగాడి బొమ్మ చెక్కు చెదరదు. అందులోని పెద్ద చుక్కలు వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి, 12 కాంతి సంవత్సరాలు పక్కకు జరిగితే వాటికి లెక్కలేదు. "ఒక్క నక్షత్రం కూడా గుర్తుపట్టలేని పరాయి ఆకాశం" అని రాసే కథకులు దీన్ని గమనించాలి. ఇంత దగ్గరలో ఆకాశం పరాయిది కాదు, ఇంట్లో సామాను నాలుగు చోట్ల సర్దినట్టుంటుంది. కథకు నన్నడిగితే అదే ఎక్కువ గుండె పిండుతుంది. ఇక నాగావళి ఆకాశంలో దాని సొంత సూర్యుడు 0.57 డిగ్రీల వెడల్పు, మన సూర్యుడికంటే పిసరంత పెద్దది.

అందంగా తిరుగుతోంది కదా అని అక్కడితో ఆగకూడదు. లక్ష ఏళ్లు నిలుస్తుందా అన్న పరీక్షకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే రీబౌండ్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది. సొంత కంప్యూటర్లో వేసుకోలేనివాళ్లు బ్రౌజరులోనే గూగుల్ కోలాబ్‌లో నడపవచ్చు. సూర్యుడి బరువు ఒకటి అనుకుని నక్షత్రం బరువు 0.78, నాగావళి బరువు 0.000003, 163 రోజుల పక్కింటి గ్రహానికి దానికి 3.9 రెట్లు ఇచ్చి, దూరాలు 0.74, 0.538 అని రాయాలి. పక్కింటి దానికి ఎక్సెంట్రిసిటీ 0.18. ఏమీ మార్చకపోతే రీబౌండ్‌లో ఒక సంవత్సరం అంటే 6.283, రెండు పై. ఇది తెలియక లక్ష అని రాసి లక్ష ఏళ్లు నడిపాననుకునేవాళ్లు నిజానికి 16 వేల ఏళ్లు కూడా నడపరు. డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ అనే లెక్క పద్ధతి ఎంచుకుంటే కాలంలో వేసే ఒక్కో అడుగు, అన్నిటికంటే లోపలి గ్రహం సంవత్సరంలో ఇరవయ్యో వంతు మించకూడదు. 163 రోజులకు 8 రోజులు, 4 పెట్టుకుంటే ఇంకా మంచిది. మొత్తం గుంపును దాని గురుత్వ కేంద్రానికి జరిపే ఆజ్ఞ మరిచిపోతే కుటుంబమంతా మెల్లగా ఒకవైపు కొట్టుకుపోతుంది. రెండు గ్రహాలు మరీ దగ్గరకొస్తే డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ అంకెలను నమ్మకూడదు, మరింత నిశితంగా లెక్కించే ఐఏఎస్15 పద్ధతికి మారాలి.

చూడవలసింది నాగావళి ఎక్సెంట్రిసిటీ గీత. 0.02 దగ్గర మొదలై చిన్న అలల్లా పైకి కిందికి ఊగుతుంటే ఫర్వాలేదు. మెట్లు ఎక్కినట్టు పెరుగుతూ పోతే ఆ ఇంట్లో కాపురం కష్టం.

ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. 3.9 రెట్లన్నది కనీస బరువు. కక్ష్య మనకు పక్కనుంచి కనబడితేనే అది సరైన బరువు. టౌ సెటి మనకు దాదాపు తన ధ్రువాన్నే చూపిస్తోందని, వంపు 7 డిగ్రీల దగ్గరని కొలతలున్నాయి. దాని చుట్టూ ఉన్న ధూళి పళ్లెం వంపు సుమారు 35 డిగ్రీలు. గ్రహాలు పళ్లెం తలంలో ఉంటే పక్కింటి గ్రహం అసలు బరువు 6.8 భూములు. నక్షత్రం నడుము తలంలో ఉంటే 32 భూములు, నెప్ట్యూన్‌ను ఎప్పుడో దాటేసింది. ఇద్దరి మధ్య ఎడాన్ని ఇద్దరి ఉమ్మడి హిల్ వ్యాసార్ధంతో భాగించి చూస్తారు. కనీస బరువుతో అది 17, 32 భూములతో 9. నాలుగైదు గ్రహాలున్న చోట 10కి పైన ఉంటే ధైర్యం. అంటే ఒక్క వంపు అంకెతో నాగావళి భవిష్యత్తు తారుమారవుతుంది. రెండు బరువులతోనూ నడిపి చూసి, కథకు ఏది కావాలో ఎంచుకోవాలి.

ఆ ధూళి పళ్లెంలో నెప్ట్యూన్ అవతల మంచు ముక్కలు తిరిగే మన కైపర్ పట్టీకి పదింతలకు పైగా సామగ్రి ఉంది. తోకచుక్కల దెబ్బలు అక్కడ అరుదు కావు. నక్షత్రంలో ఇనుము సూర్యుడిలో మూడోవంతు. అక్కడి జనానికి నాగలికర్రు బంగారంతో సమానమా, వాళ్ల ఊళ్లన్నీ నేలకింద ఉంటాయా అన్న ప్రశ్నలు మనం కల్పించకుండానే వచ్చి కూర్చుంటాయి.

సంపాదకులకు నా మనవి చిన్నది. గ్రహాంతర కథ అచ్చువేసినప్పుడు చివర నాలుగు వరుసల చిరునామా అడగండి. నక్షత్రం జాబితా నంబరు, దూరం, గ్రహం కక్ష్య, పగటి నిడివి. రచయిత దగ్గర ఎస్‌ఎస్‌సి ఫైలుంటే మీ వెబ్‌సైటులో కథ పక్కనే పెట్టండి, బళ్లో కంప్యూటర్ ల్యాబ్ ఉన్న పిల్లలు తెరిచి చూసుకుంటారు. నమూనాకు: హిప్పార్కస్ 8102. దూరం 11.9 కాంతి సంవత్సరాలు. కక్ష్య 0.74 ఖగోళ యూనిట్లు, 263 రోజులు. పగలూ రాత్రీ కలిపి 28 గంటలు. సూర్యుడు స్వాతి పక్కన.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ